ఇంట్లోకి వచ్చే అడవి జీవులు – ఆరోగ్య ప్రమాదాలు: గోలేటి నేపథ్యం

వ్యాససంగ్రహం:
కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన మండలంలోని గోలేటి, బొగ్గుగనులకూ అడవికీ నడుమ ఉన్న ఊరు. ఇటువంటి చోట్ల పాము, ఎలుక, తేలు, కోతి ఇళ్లలోకి రావడం వల్ల కలిగే ఆరోగ్య ప్రమాదాలను ఈ వ్యాసం వివరిస్తుంది. పాముల తెలుగు పేర్లలో ఇమిడివున్న అనుభవజ్ఞానాన్ని, ‘పురుగు’ అనే చాటుమాట వల్ల చికిత్సలో ఏర్పడగల చిక్కును చర్చిస్తుంది.

కీలకపదాలు: గోలేటి, సింగరేణి, పాముకాటు, కట్లపాము, రక్తపింజరి, ఎలుకజ్వరం, సభ్యోక్తి.

1. ప్రవేశిక:
గోలేటి సింగరేణి సంస్థ బెల్లంపల్లి ఏరియాకు కేంద్రం. ఒకవైపు ఓపెన్‌కాస్టు గనులు, వాటి మట్టిగుట్టలు; మరొకవైపు పత్తిచేలు, అడవి. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని కవ్వాల్ అడవి 2012లో టైగర్ రిజర్వు అయింది. మహారాష్ట్రలోని తాడోబా నుంచి పులులు ఆసిఫాబాద్ జిల్లా అడవుల మీదుగా వస్తూంటాయి. 2020 నవంబరులో దహెగాం మండలంలో పులి దాడికి ఒక యువకుడు బలయ్యాడు. అందువల్ల ఇక్కడ అడవి జంతువు అనగానే పులి తలపునకు రావడం సహజం. అయితే గడప దాటి లోపలికి వచ్చి ప్రాణాలు తీసేవి చాలావరకు చిన్న జీవులే. భారతదేశంలో 2000 నుంచి 2019 వరకు సుమారు 12 లక్షల మంది, అంటే ఏడాదికి సగటున 58 వేల మంది, పాముకాటుతో మరణించారని 2020లో వెలువడిన ఒక జాతీయస్థాయి అధ్యయనం అంచనా వేసింది. మరణాలు ఎక్కువగా ఉన్న ఎనిమిది రాష్ట్రాలలో తెలంగాణతో కూడిన నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఈ మరణాలలో అధికభాగం పల్లెలలో, ఆసుపత్రి వెలుపల జరిగినవే.

2. ఇంట్లోకి దారి:
పాము మనిషిని వెదుక్కుంటూ రాదు. ఎలుక కోసం వస్తుంది. ఎలుక గింజ కోసం వస్తుంది. వడ్ల బస్తాలు, కట్టెల మోపులు, ధర వచ్చేదాకా గదిలో గుట్టగా పోసి ఉంచిన పత్తి ఎలుకలకు ఆశ్రయమిస్తాయి. కోళ్లగూడు గుడ్లతో, పిల్లలతో పామును ఆకర్షిస్తుంది. వానాకాలంలో కన్నాలలో నీరు చేరగానే ఈ జీవులన్నీ పొడినేల వెదుక్కుంటాయి. కనుక పాము నుంచి రక్షణ గింజను భద్రపరచడంతోనే మొదలవుతుంది.

3. పేరులోని ఎరుక:
మనదేశంలో పాముకాటు మరణాలకు ప్రధాన కారణాలుగా చెప్పే పాములు నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుక పింజరి. ఈ నాలుగింటికీ ఒకే విషహర ఔషధం వాడుతారు. అందువల్ల పామును చంపి ఆసుపత్రికి తేవలసిన అవసరం లేదు.

నల్లని ఒంటిమీద తెల్లని కట్లు ఉండడం వల్ల కట్లపాముకు ఆ పేరు వచ్చింది. ఇది రాత్రిపూట తిరుగుతుంది; నేలమీద పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి, వాపు దాదాపు ఉండవు. గాటు కూడా కనిపించకపోవచ్చు. బాధితుడు తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తాడు. రాత్రి తిన్నది పడలేదని ఇంటివారు అనుకుంటారు. ఆ తరువాత కనురెప్పలు వాలిపోతాయి, మింగుడుపడదు, చివరకు శ్వాస కండరాలు చచ్చుబడతాయి. ఆ దశకు చేరాక విషహర ఔషధం ఒక్కటే చాలదు, వెంటిలేటరు కావాలి. వేపాకు నమిలించి చేదు తెలుస్తోందా అని పరీక్షించడం వల్ల విలువైన సమయం పోవడమే తప్ప నిర్ధారణ జరగదు.

రక్తపింజరి పేరు రోగలక్షణాన్నే సూచిస్తుంది. దీని విషం వల్ల రక్తం గడ్డకట్టే గుణాన్ని కోల్పోతుంది. చిగుళ్ల నుంచి, మూత్రంలో రక్తం పడవచ్చు; మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. వైద్యులు కొద్దిపాటి రక్తాన్ని శుభ్రమైన గాజుగొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూస్తారు. గడ్డకట్టకుండా జారితే విషం పనిచేస్తున్నట్లు. కాటును బ్లేడుతో కోయడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆ గాయం నుంచి కారే రక్తం ఆగదు.

4. ‘పురుగు’ అనే చాటుమాట:
రాత్రివేళ పాము పేరెత్తకూడదన్న నమ్మకంతో తెలుగువారు దానిని ‘పురుగు’ అంటారు. ‘కరిచింది’ అనక ‘ముట్టింది’ అంటారు. ‘పురుగూ పుట్రా’ అనే జంటపదం కూడా ఈ భయాన్నే మోస్తున్నది. నిషిద్ధపదం స్థానంలో సభ్యోక్తి నిలవడం అన్ని భాషలలోనూ ఉన్నదే. ఇంట్లో ఈ మాట అందరికీ అర్థమవుతుంది. ఆసుపత్రిలో, ముఖ్యంగా వేరే ప్రాంతం నుంచి వచ్చిన వైద్యుని చెవిలో, ‘పురుగు’ చీమో కందిరీగో కావచ్చు. గాటు కనిపించని కట్లపాము కాటులో బాధితుని మాటే ప్రధాన సాక్ష్యం. కాబట్టి ఆసుపత్రిలో ‘పాము’ అనే చెప్పాలి. పామును చూడకపోయినా ‘నేలమీద పడుకున్నాడు, కడుపునొప్పితో లేచాడు, రెప్పలు వాలుతున్నాయి’ అని చెప్పడం వైద్యునికి దారి చూపుతుంది.

5. ఎలుక, తేలు, కోతి:
ఎలుక మూత్రం కలిసిన నీరు కాలి పగుళ్లకు, గాయాలకు తగిలితే ఎలుకజ్వరం సోకవచ్చు. ఎలుకల మీద, పొదలలో ఉండే సూక్ష్మమైన నల్లుల వంటి జీవులు కుట్టడం వల్ల స్క్రబ్ టైఫస్ వస్తుంది. కుట్టినచోట నల్లని పెచ్చు కట్టవచ్చు. రెండూ తొలిదశలో గుర్తిస్తే సాధారణ యాంటీబయాటిక్ మందులకు లొంగుతాయి. ఎర్రతేలు విషం గుండెను దెబ్బతీస్తుంది. ప్రాజోసిన్ మాత్రతో ఈ మరణాలను తగ్గించవచ్చని మహారాష్ట్రలోని మహాడ్‌లో వైద్యుడు హిమ్మత్‌రావ్ బావస్కర్ నిరూపించారు. కోతి కరిచినా గీరినా రేబిస్ ప్రమాదం ఉంది. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి, టీకా వేయించుకోవాలి. లక్షణాలు బయటపడితే ఆ వ్యాధికి చికిత్స దాదాపు లేదు.

6. ఉపసంహారం:
నివారణకు పెద్ద ఖర్చు అక్కరలేదు. గింజలు మూతగల డబ్బాలలో, కట్టెలు, పత్తి పడకగదికి దూరంగా ఉండాలి. మంచంమీద, అంచులు పరుపుకింద దోపిన దోమతెరలో పడుకోవాలి. తెల్లవారకముందే షిఫ్టుకు బయలుదేరే కార్మికుడు టార్చి వెలుగులో బూట్లు దులిపి తొడుక్కోవాలి. పాము కరిస్తే కట్టు బిగించరాదు, కోయరాదు, పసరు పూయరాదు. ఉంగరాలు, మెట్టెలు తీసి, కరిచిన అవయవాన్ని కదలనీయక, 108కి ఫోన్ చేయాలి. పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్రప్రభుత్వం 2024లో జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. ఆ లక్ష్యం నెరవేరడానికి మందు ఎంత ముఖ్యమో, వైద్యునికి వేళకు, స్పష్టంగా చేరే మాట కూడా అంతే ముఖ్యం.