చెవితో నేర్చే గిటారు

మీకు కంఠతా వచ్చిన పాట ఒకటి తలుచుకోండి. జోలపాటైనా సరే, బడిలో పాడే ప్రార్థన అయినా సరే. దాని స్వరాలేమిటో మీకు తెలియకపోవచ్చు. అయినా ఎవరైనా ఆ పాటను తప్పుగా పాడితే మీ చెవి ఇట్టే పట్టేస్తుంది. అంటే, పాట మీలో ఉన్నదన్నమాట! దాన్ని గిటారు మీదికి తేవటమే తరువాయి.

గిటారుకు సాధారణంగా 6 తీగలుంటాయి. మొదట అన్నిటికంటె సన్నని తీగ ఒక్కటే చాలు. వీణకున్నట్టే గిటారుకూ మెట్లుంటాయి. మెట్టుకు కాస్త వెనకగా తీగను నొక్కి మీటితే, కంపించే భాగం పొట్టిదవుతుంది. పొట్టి తీగ మరింత వేగంగా కంపిస్తుంది. అందుచేత స్వరం హెచ్చుతుంది. 12వ మెట్టు దగ్గర తీగ సగమవుతుంది. అక్కడ మొదటి స్వరమే పై స్థాయిలో పలుకుతుంది. మన సంగీతంలో కూడా స్థాయికి 12 స్వరస్థానాలే గద!

సంగీతం నేర్చే పిల్లలు మొదట మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు పాడతారు. ఏ మెట్టూ నొక్కకుండా మీటినది 'స' అనుకుని, ఆ తరవాత వరసగా 1, 4, 5, 7, 8, 11, 12 మెట్లు నొక్కి మీటండి. ఆ స్వరాలే వినిపిస్తాయి.

ఇక మీ పాట. మొదటి రెండు మూడు మాటలు పైకి పాడండి. మొదటి స్వరం మీద గొంతు నిలిపి, అది దొరికేదాకా ఒక్కొక్క మెట్టే నొక్కి చూడండి. తరవాతి స్వరం పైదా, కిందిదా? మళ్ళీ పాడి చూసుకోండి. పైదైతే వేలు గిటారు పొట్టవైపు జరపండి, కిందిదైతే తలవైపు. మెట్టు తప్పితే చెవే చెబుతుంది. గొంతు ఒక స్వరం నుంచి మరొక స్వరానికి జారే చోట, నొక్కిన తీగను పక్కకు లాగండి. బిగువు పెరిగి స్వరం పైకి సాగుతుంది. వీణ మీద గమకాలు పలికించేదీ ఇలాగే.

నేర్పేవారు లేరని దిగులుపడకండి. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించి లోకాన్ని మెప్పించాడు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించటం రాదు! గురువు పాడేవారు, శిష్యుడు విని, అదే పాటను తీగల మీద పలికించేవాడు.

ఒకరు చూపిన మెట్లను జ్ఞాపకం పెట్టుకుంటే ఆ ఒక్క పాటే వస్తుంది. వెతకటం నేర్చుకుంటే, విన్న పాట ఏదైనా వస్తుంది. మొదట్లో వేళ్ళ కొసలు నొప్పి పెడతాయి. నొప్పి పుట్టగానే ఆపి, మర్నాడు మళ్ళీ మొదలుపెట్టండి.