ప్రతిపక్షం ఎక్కడ ఓడుతుంది? షోలాపూర్ చెప్పే లెక్క

ఎన్నికలొచ్చేసరికి అధికార పక్షం చేతిలో పథకాలుంటాయి. ప్రతిపక్షానికి దక్కేది జనంలోని అసంతృప్తి ఒక్కటే. అది దానంతటదే సీటుగా మారదు. ఆ ఓట్లన్నీ ఒకే అభ్యర్థి వెనక చేరాలి, చెప్పే మాట ఒకటే కావాలి, ఆ మాట ఓటరు ఇంటి దాకా వెళ్లాలి. ఇందులో ఏది తప్పినా కోపంగా ఉన్న ఓటర్లు ఎందరున్నా ఫలితం ఉండదు.

మహారాష్ట్రలోని షోలాపూర్‌లో ఈ సంగతి అంకెలతో సహా కనిపిస్తుంది. భవాని పేట్ వంటి నేతగాళ్ల పేటల్లో తెలంగాణ జిల్లాల నుంచి తరాల కిందట వలస వచ్చిన పద్మశాలీల ఇళ్లున్నాయి. సాంచాల (మరమగ్గాల) మీద చద్దర్లు, టవళ్లు నేయడం, ఆడవాళ్లు బీడీలు చుట్టడం ఇక్కడి బతుకుదెరువు. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ. లోక్‌సభ స్థానం ఎస్సీలకు రిజర్వు కావడంతో పద్మశాలీలు అందులో పోటీ చేయలేరు. అయినా వాళ్ల ఓటు కోసం అన్ని పార్టీలూ ఈ పేటల గడప తొక్కుతాయి.

2014లో అప్పటి కేంద్ర హోంమంత్రి సుశీల్‌కుమార్ షిండే ఇక్కడ బీజేపీ చేతిలో 1,49,674 ఓట్ల తేడాతో ఓడిపోయారు. 2019లో ప్రతిపక్షంలో ఉన్న కాంగ్రెస్ మళ్లీ ఆయననే నిలబెట్టింది. వంచిత్ బహుజన్ ఆఘాడీతో పొత్తు కుదరకపోవడంతో ఆ పార్టీ నేత ప్రకాశ్ అంబేడ్కర్ కూడా ఇక్కడే బరిలోకి దిగారు. బీజేపీ అభ్యర్థి జయసిద్ధేశ్వర స్వామికి 5,24,985 ఓట్లు, షిండేకు 3,66,377, అంబేడ్కర్‌కు 1,70,007 వచ్చాయి. ఓడిన ఇద్దరివీ కలిపితే 5,36,384, అంటే గెలిచినాయన కంటే 11 వేలు ఎక్కువ. అయితే అంబేడ్కర్ లేకపోతే ఆ ఓట్లన్నీ కాంగ్రెస్‌కే పడేవని చెప్పలేం. గమనించాల్సిన అంకె ఇంకొకటుంది. 2014తో పోలిస్తే షిండే ఓట్లు రెండు వేలు కూడా తగ్గలేదు, కానీ పెరగనూ లేదు. ఐదేళ్లు ప్రతిపక్షంలో ఉండి కూడా ఆయన పార్టీ కొత్త ఓటును కూడగట్టుకోలేకపోయింది.

2024 మే నాటికి లెక్క మారింది. వంచిత్ అభ్యర్థి గడువులోపే పోటీ నుంచి తప్పుకున్నారు. కాంగ్రెస్ తరఫున నిలబడ్డ షిండే కూతురు ప్రణీతి అప్పటికే మూడుసార్లు నగరం నుంచి ఎమ్మెల్యే. బీజేపీ తెచ్చిన రామ్ సాత్‌పుతే పక్క లోక్‌సభ స్థానంలోని మాల్‌శిరస్‌కు అప్పటి ఎమ్మెల్యే. తెలుగువాడైన సీపీఎం నేత నర్సయ్య ఆడం కూడా ప్రణీతికే మద్దతిచ్చారు. ప్రణీతి 6,20,225 ఓట్లు తెచ్చుకుని 74,197 తేడాతో గెలిచారు.

ఫలితాలొచ్చి ఆరు నెలలు తిరగకుండానే, నవంబరు అసెంబ్లీ ఎన్నికల్లో ఆ కూర్పు చెదిరింది. షోలాపూర్ సిటీ సెంట్రల్ సీటు తనకు వదులుతారని ఆడం ఆశించారు. కాంగ్రెస్ అక్కడ చేతన్ నరోటేను దింపింది, ఆడం కూడా పోటీలోనే ఉన్నారు. పక్కనున్న షోలాపూర్ సౌత్‌లో ఇంకా విడ్డూరం జరిగింది. కాంగ్రెస్ ఉన్న ప్రతిపక్ష కూటమి ఆ సీటును ఉద్ధవ్ శివసేనకు చెందిన అమర్ పాటిల్‌కు ఇచ్చింది. తీరా నవంబరు 20న, పోలింగ్ రోజునే, షిండే, ప్రణీతి ఇద్దరూ తమ మద్దతు స్వతంత్ర అభ్యర్థి ధర్మరాజ్ కాడాదికేనని ప్రకటించారు. అన్నాళ్లూ ఒక గుర్తుకు ప్రచారం చేసిన కార్యకర్త ఆ పూట ఓటరుకు ఏ గుర్తు చూపించాలి? సీటు బీజేపీకే దక్కింది.

చెప్పే మాటలోనూ ప్రతిపక్షం తడబడింది. ఆడవాళ్లకు నెలకు 1,500 రూపాయలిచ్చే ‘లాడ్కీ బహిణ్’ పథకాన్ని మొదట ఎన్నికల ఎత్తుగడ అని విమర్శించి, తర్వాత తాము 3,000 ఇస్తామని హామీ ఇచ్చింది. అప్పటికే ఖాతాలో డబ్బు పడ్డ బీడీ కార్మికురాలికి రాబోయే రెట్టింపు కంటే చేతికందినదే నమ్మకం. చేసిన పని పేరు దక్కించుకోవడంలోనూ ఇదే వెనకబాటు. కుంభారి దగ్గర కార్మికులకు 30 వేల ఇళ్ల ‘రే నగర్’ కోసం ఏళ్లపాటు పాటుపడింది ఆడం. 2024 జనవరిలో అందులో 15 వేల ఇళ్లను అందజేసింది ప్రధాని మోదీ. వేదిక ఎవరిదైతే జనానికి గుర్తుండే ముఖం కూడా వాళ్లదే అవుతుంది.

ఓటరు ఇంటిదాకా వెళ్లడంలోనూ అధికార పక్షమే ముందుంది. సెంట్రల్‌లో బీజేపీ నిలబెట్టిన దేవేంద్ర కోఠే ఇక్కడి తెలుగు కుటుంబంలోని వ్యక్తి. ఆయన ప్రచారానికి ఆంధ్రప్రదేశ్ ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ వచ్చారు. కోఠేకు 1,10,278 ఓట్లు పడ్డాయి. 2019లో ప్రణీతికి 51,440 ఓట్లిచ్చిన ఈ స్థానంలో కాంగ్రెస్‌కు 16 వేల పైచిలుకే మిగిలాయి. మజ్లిస్ అభ్యర్థి ఫారూఖ్ శాబ్ది రెండో స్థానంలో నిలిచారు.

కలిసి నిలబడినంత మాత్రాన పని అయిపోదు. తెలంగాణలో 2018 సెప్టెంబరు 6న కేసీఆర్ అసెంబ్లీని రద్దు చేసి, అదే రోజు 105 మంది అభ్యర్థులను ప్రకటించారు. కాంగ్రెస్ నడిపిన ప్రతిపక్ష మహాకూటమిలో సీట్ల పంపకం నవంబరు దాకా సాగింది. పైగా తెలుగుదేశంతో పొత్తు చంద్రబాబు పెత్తనం మళ్లీ వస్తుందని చెప్పుకునే అవకాశాన్ని కేసీఆర్‌కు ఇచ్చింది. టీఆర్ఎస్‌కు 88 సీట్లు, కాంగ్రెస్‌కు 19 వచ్చాయి. ఇక్కడ కూటమే ప్రత్యర్థికి ప్రచారాంశమైంది.

ఓటమికి చీలిక కారణమా, ఆదరణ లేకపోవడమా అన్నది తేల్చుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. రెండో స్థానంలో నిలిచినవారు కాక మిగతా ప్రతిపక్ష అభ్యర్థుల ఓట్లు గెలుపు తేడాను మించాయా అని చూడాలి. మించితే పొత్తు గురించి ఆలోచించాలి. మించకపోతే పొత్తుతోనే నెగ్గుకురాలేరు, జనానికి చెప్పే మాటను మార్చుకోవాలి. 2019లో షోలాపూర్ లోక్‌సభ మొదటి కోవకు చెందుతుంది. 2024లో సిటీ సెంట్రల్ రెండో కోవది, అక్కడ శాబ్ది, నరోటే, ఆడం ముగ్గురి ఓట్లూ కలిపినా కోఠే ఓట్లకు అందలేదు.