పేలికల కవచము

వస్త్రమువలన మనము కోరునవి మూడు: మానము కాచుట, చలినుండియు నెండనుండియు మేనిని కాపాడుట, అందము నిచ్చుట. ఈ మూటిలో నొకదానినైన కోరక, ధరించినవానిని కంటికి కానరాకుండ జేయుటయే పనిగా గల దుస్తు ఒకటి లోకములో నున్నది. సైన్యములందు దూరమున దాగియుండి, ఒక్కొక్క గుండుతో ఒక్కొక్క మనుష్యుని గుఱిచూచి కొట్టు భటుని స్నైపరు అందురు. ఆతడు తొడుగుకొను పేలికల దుస్తునకు గిల్లీసూటు అని పేరు. చూచువారికి అది యొక గడ్డిదుబ్బు, లేదా యొక పొద. దీని చరిత్రము పురుషుల కథగానే చెప్పబడుచున్నది. కాని యది నార, సూది, కత్తెరల కథయు నగుటచే సోదరీమణుల యెదుట నుంచదగినదని తలచితిమి.

పూర్వము ఐరోపా రాజులు తమ సైనికులకు దూరమునుండి స్పష్టముగా కానవచ్చు రంగులనే తొడిగించెడివారు. నాటి తుపాకిమందు దట్టమైన పొగ గ్రక్కెడిది. ఆ పొగలో తనవాడెవడో పెఱవాడెవడో తెలియుటకు ఎఱ్ఱకోటు వంటివి అవసరమయ్యెను. తుపాకుల గుఱి హెచ్చినకొలది ఆ రంగులే మృత్యువునకు దారి చూపసాగినవి. 1800 సంవత్సరమున ఇంగ్లండులో నేర్పరచిన రైఫిలుదళము ముదురాకుపచ్చని దుస్తులు ధరించెను. 1846లో పెషావరున హారీ లమ్స్‌డెన్ నెలకొల్పిన గైడ్సు దళమువారు మట్టిరంగు గుడ్డలు తొడిగిరి. పారసీకమున ‘ఖాక్’ అనగా ధూళి. మన పోలీసువారివలన ఎల్లరకు పరిచితమైన ఖాకీ యను పేరు దానినుండియే పుట్టినది. స్నైపరు అను మాటయు మన దేశపు చెఱువుగట్లతో సంబంధము గలదే. పదునెనిమిదవ శతాబ్దమున ఇచ్చటి ఇంగ్లీషు సైనికాధికారులు స్నైపు అను చిన్న నీటిపిట్టను వేటాడెడివారు. తటాలున లేచి వంకరటింకరగా నెగురు నా పిట్టను కొట్టుటకు మిక్కిలి నేర్పు కావలెను.

అయితే మట్టిరంగు గుడ్డ యొకటియే మనుష్యుని దాచజాలదు. తలయు భుజములును గలిసిన మానవాకృతిని కన్ను ఎంత దూరముననైనను గుర్తించును. కావున రంగు మార్చిన చాలదు, రూపును చెఱుపవలెను. ఈ రహస్యమును చక్కగా నెఱిగినవారు స్కాట్లండు కొండలలో ప్రభువులకు జింకలవేటయందు తోడ్పడి జీవించు సేవకులు. అచ్చటి గేలిక్ భాషలో ‘గిల్లె’ అనగా పనికుఱ్ఱవాడు. జింక చిన్న కదలికను సైతము పసికట్టును. గాలివాలున మనుష్యుని వాసన పట్టును. గిల్లీలు దానిని సమీపించుటకు నేలకు గఱచుకొని గంటలకొలది ప్రాకుచు, బట్టలకు పేలికలును గడ్డిపోచలును తగిలించుకొని, తామును కొండలో నొక భాగమైపోయెడివారు.

1900లో దక్షిణాఫ్రికాయందు బోయరులతో యుద్ధము జరుగుచుండగా లోవట్ ప్రభువు ఇట్టివారిని జేర్చి లోవట్ స్కౌట్సు అను దళమును నిలిపెను. జింకకై నేర్చిన విద్య యీ విధముగా మనుష్యునిపైకి మరలెను. ఇచ్చట మనకు వాలి గుర్తునకు రాక మానడు. చెట్టుచాటునుండి కొట్టితివేల యని యాతడు అడుగగా, మృగములను చాటుననుండి కొట్టుట వేటకాండ్రకు దోషము గాదని శ్రీరాముడు చెప్పిన సమాధానములలో నొకటి. వాలి వానరుడు. మనుష్యుని విషయమున ఆ సమాధానము చాలునా యని తలచినవారికి ఈ దుస్తుయొక్క తక్కిన కథ యంతయు ఆ ప్రశ్నతోడనే నడచును.

1914లో మొదలైన ప్రపంచయుద్ధమున సేనలు కందకములలో నెదురెదురుగా నిలిచినవి. గోడపై తల యెత్తినవాడు కూలుచుండెను. తొలుత జర్మనులకు దుర్భిణి గల తుపాకులును, గుఱికాండ్రును మెండుగా నుండిరి. అపుడు హెస్కెత్ ప్రిచర్డ్ అను వేటగాడు బ్రిటిషువారికి ఈ విద్యను నేర్ప బూనెను. 1916లో ఫ్రాన్సునందలి లింగెమ్ గ్రామమున నాతడొక పాఠశాలను స్థాపించెను. కాగితపుగుజ్జుతో తలబొమ్మలు చేయించి కందకముపై నెత్తించెడివాడు. శత్రువు దానిని కొట్టగా, గుండు దూసిన రంధ్రముల వరుసనుబట్టి యది వచ్చిన చోటు తెలిసెడిది. ఆ యేడే లోవట్ స్కౌట్సునుండి గుఱికాండ్ర ప్రత్యేకదళమును ఏర్పడెను.

ఈ పనికి చిత్రకారులును కావలసివచ్చిరి. 1915లో ఫ్రెంచి సైన్యము గిరాన్ ద సెవొలా అను చిత్రకారుని నాయకత్వమున మఱుగువిద్యకు ఒక శాఖ నేర్పరచెను. అమెరికా చిత్రకారుడు అబట్ థేయర్ అంతకు బూర్వమే పక్షుల, మృగముల రంగులను పరిశీలించి 1909లో గ్రంథము ప్రకటించియుండెను. ఆతడు 1915లో లండను వెళ్లి, సైనికులకు రూపు చెఱుపు దుస్తులు కావలెనని తెలుప దలచెను. ధైర్యము చాలక అధికారులను కలిసికొనకయే మరలిపోయెను. ఆతని పెట్టెను ప్రసిద్ధ చిత్రకారుడు సార్జెంట్ తెఱచి చూడగా, అందు రంగులు పూసిన పాతకోటు ఒకటి కానవచ్చెను. దానికి గుడ్డపేలికలును, థేయర్ భార్య ఎమ్మా మేజోడొకటియు పిన్నీసులతో గుచ్చబడియుండెను. సార్జెంట్ దానిని చింకిమూటగా నెంచి యసహ్యించుకొనెను. ఆ చింకిమూటలోనే తరువాతి యుద్ధముల దుస్తు బీజమై యున్నదని యాతడెఱుగడు.

ఫ్రాన్సునందలి కర్మశాలలలో వేలకొలది స్త్రీలు వలలకు గుడ్డపేలికలు అల్లి ఫిరంగులను కప్పు తెఱలను సిద్ధపఱచిరి. 1918లో న్యూయార్కునందు స్త్రీలే యొక మఱుగుదళముగా జేరిరి. వారు బట్టలకు రాతిరంగులు, గడ్డిరంగులు పూసి, తామే వానిని తొడుగుకొని వాన్ కోర్ట్‌లాండ్ తోటలో బండలనడుమ బండలవలె కూర్చుండి పరీక్షించిరి. నాటి ఛాయాచిత్రములలో స్త్రీ యెచ్చట నున్నదో వెదకవలసి యుండును.

ఈ దుస్తునకు ముఖ్యసామగ్రి గోనెపట్ట. దానిని దారములుగా విప్పి, మట్టి, ఎండుటాకు, పచ్చిక రంగులలో నద్ది, వలగుడ్డపై ముడివేసి వ్రేలాడదీయుదురు. జనపనార పంటకు వంగదేశము పెట్టినది పేరు. వంగరైతు నీటిలో నానవేసి తీసిన నార సముద్రములు దాటి స్కాట్లండులోని డండీ పట్టణపు మరలలో గోనెయయ్యెడిది. క్రొత్తదుస్తునకు గల మెఱుగు పోవుటకు దానిని బురదలో త్రొక్కి నేలపై నీడ్చుదురు. గోనెనార సులభముగా నంటుకొనును గనుక నిప్పు పట్టని మందుల నద్దుటయు, అట్టి క్రొత్తనారలను వాడుటయు నేడు వాడుకలోనికి వచ్చినవి. పెక్కు సైన్యములలో నేటికిని స్నైపరువిద్యార్థి తన దుస్తును తానే కుట్టుకొనవలెను. అచ్చటి గడ్డిని, ఆకును నాటినాటికి క్రొత్తగా చేర్చుకొనవలెను. ఒకయూరి పొద వేఱొకయూరి పొలములో పొదగా నమ్మబడదు గదా.

మంచుదేశమున పేలికలకు బదులు తెల్లనిబట్టయే చాలును. 1939-40లో రష్యాతో యుద్ధము జరిగినపుడు ఫిన్లండు రైతు సీమో హైహా తెల్లనిదుస్తులలో మంచుపై పరుండి, తన యూపిరి ఆవిరియై కానరాకుండ మంచును నోటనుంచుకొనెను. అద్దము మెఱయునని దుర్భిణిని విడిచెను. ఆతడు ఐదువందలకు పైగా శత్రువులను కూల్చెనని లెక్క. ముఖమున తీవ్రముగా గాయపడియు బ్రతికి, 2002లో తొంబదియాఱవయేట మరణించెను.

ఆ రష్యాలోనే స్త్రీలును ఈ దుస్తు తొడిగిరి. లుద్మిలా పవ్లిచెంకో ఒడెస్సా, సెవస్టొపోల్ పోరాటములలో 309 మందిని కూల్చినట్లు లెక్కింపబడినది. 1942లో ఆమె అమెరికాకు వెళ్లినపుడు, ఆమె యుద్ధమును గూర్చి అడుగవలసిన విలేఖరులు కొందఱు ఆమె లంగా పొడవును గూర్చి అడిగిరి. మంచుగడ్డలో గంటలకొలది కానరాక పరుండిన స్త్రీని, వెలుగులో నిలిచినపుడును వారు కానలేదు.

నేటి యంత్రములు దేహపువేడిని చీకటిలోను కనిపెట్టుచున్నవి. వేడిని మఱుగుపఱచు బట్టలకై పలుదేశములవారు శ్రమించుచున్నారు. పేలికలు మాఱినను ప్రశ్న మాఱలేదు. ఒక సూది కుట్టిన మఱుగు ఒక బిడ్డ తండ్రిని గుండునుండి కాపాడును. ఆ మఱుగే వేఱొక బిడ్డ తండ్రిని, తన్ను చంపినవాని మొగమైన నెఱుగకుండ కూల్చును. కుట్టిన చేతికి ఈ రెంటిలో నేది తన పనియో చెప్పువారు లేరు. దేశమునకై సూది పట్టిన యా స్త్రీలను మేము నిందింపజాలము. వారి చేతిపనిని వీరగాథయని పొగడుటకును మాకు నోరాడదు. ఆ గుడ్డ ముడులలో దయయు, చావును ఒక్క దారముననే అల్లబడియున్నవని తెలిసికొని చదువుట మాత్రము మన కర్తవ్యము.