సెలక్షన్లకు పోయే సంచిలో ఏముంది?

పొద్దుగాల ఐదింటికి జమ్మికుంట కాలేజీ గ్రౌండ్‌లో ఉరికేవాళ్లలో మీరూ ఒకరైతే ఈ మాటలు మీ కోసమే. కానిస్టేబుల్ ఈవెంట్లకు తయారవుతుండొచ్చు, జిల్లా కబడ్డీ జట్టులో చోటు కోసం చూస్తుండొచ్చు. సెలక్షన్ల ముందు రాత్రి అందరూ చేసే పని ఒక్కటే, సంచి సర్దుకోవడం. బూట్లు, నీళ్ల బాటిల్, తువ్వాల, ఆధార్ జిరాక్స్, బోనఫైడ్, పుట్టిన తేదీ సర్టిఫికెట్. అడుగున ఎక్కడో ఒక గోళీల పట్టీ. వీటిలో రెండింటి మీద మీ ఆట భవిష్యత్తు ఆధారపడి ఉంది. బూట్లు వాటిలో లేవు.

ముందు పుట్టిన తేదీ సంగతి చూద్దాం. ఒకసారి మండల స్థాయి అండర్-14 కబడ్డీ చూశాను. కత్తిరించిన మీసాలతో ఒక 'పద్నాలుగేళ్ల' పిల్లగాడు కూతకు పోతే, అవతలి కోర్టులోని ఏడుగురు బక్కపిల్లలు వెనక గీత దాకా జరిగిపోయారు. చూసేటోళ్లు నవ్వారు. సార్లు కూడా నవ్వారు. ఆ ఏడుగురిలో ఒకడు మాత్రం మోచేయి పట్టుకుని కూర్చున్నాడు, వాడికి నవ్వు రాలేదు. మరుసటి ఏడాది ఆ పిల్లగాడు మళ్లీ ఆడాడో లేదో నాకు తెలియదు. మీసాలాయన మాత్రం ఆడాడు, మళ్లీ అండర్-14లోనే.

"రెండేండ్లు తగ్గిద్దాం, ఎవరికి తెలుస్తది?" అనే మాట సాధారణంగా పిల్లల నోటి నుంచి రాదు. కోచ్‌దో, తండ్రిదో, తెలిసిన 'అన్న'దో అయి ఉంటుంది. కానీ ఎక్స్‌రే గది దాకా పోయేది మీ చెయ్యే. ఎడమ చేతి మణికట్టు ఎముకలు ఎంతవరకు ఎదిగాయో చూసి వయసు అంచనా వేసే టీడబ్ల్యూ3 పరీక్షను బీసీసీఐ బాలుర క్రికెట్‌లో వాడుతోంది. వయసు మోసాల మీద కేంద్ర క్రీడల శాఖ 2010లోనే ఒక జాతీయ నియమావళి తెచ్చింది. 2019లో జమ్ముకశ్మీర్ ఫాస్ట్ బౌలర్ రసిఖ్ సలామ్ తప్పుడు జనన ధ్రువపత్రం ఇచ్చాడని బీసీసీఐ అతన్ని 2 ఏళ్లు నిషేధించింది. అప్పటికే అతను ఐపీఎల్ ఆడాడు. శిక్ష పూర్తయ్యాక తిరిగొచ్చి మళ్లీ ఐపీఎల్‌లో బౌలింగ్ చేశాడు, అది వేరే సంగతి. పందొమ్మిదేళ్ల వయసులో పోయిన రెండేళ్లు ఎవరూ తిరిగివ్వరు. మరుసటి ఏడాది బోర్డు ఒక అవకాశం ఇచ్చింది. 2020 సెప్టెంబరు 15లోగా తమంతట తామే అసలు తేదీ చెప్పుకున్నవాళ్లకు శిక్ష ఉండదని, ఆ తర్వాత పట్టుబడితే 2 ఏళ్ల నిషేధమని ప్రకటించింది.

ఆడని టోర్నమెంటుకు సర్టిఫికెట్ తెచ్చుకోవడం కూడా ఈ కోవలోదే. తెలంగాణలో ప్రభుత్వ కొలువుల భర్తీలో క్రీడాకారులకు 2 శాతం కోటా ఉంది. నూటికి రెండంటే ఎంత సన్నని సందో మీకే తెలుసు. అందులో ఒక దొంగ కాగితం దూరిందంటే, నిజంగా ఆడి మోకాలు చిప్ప పగలగొట్టుకున్న ఒక పిల్ల బయటే ఉండిపోయిందని అర్థం.

జమ్మికుంట పిల్లలకు దీన్ని విడమర్చి చెప్పాల్సిన పని లేదు. పత్తి సీజన్‌లో మార్కెట్ యార్డుకు పోయి చూడండి. సీసీఐ వాళ్లు మీటరు గుచ్చి తేమ చూస్తారు. 8 శాతం దాకా పూర్తి మద్దతు ధర, 12 దాటితే అసలు కొనరు. బరువు కోసం ఎవడో ఒకడు పత్తి మీద నీళ్లు చల్లి తెస్తే, వెనక వరుసలో ఎండబెట్టి తెచ్చిన రైతు బండిని కూడా అనుమానంగానే చూస్తారు. ఆటలోనూ అంతే. ఆ అనుమానం ఎంతదూరం పోతుందో చెప్పే కథ ఒకటుంది. అది స్పెయిన్‌లో మొదలై మన కల్లెడ దగ్గర తేలుతుంది.

కల్లెడ పిల్ల, స్పెయిన్ దొంగలు

జమ్మికుంటలో రైలెక్కి, కాజీపేట, వరంగల్ దాటి పర్వతగిరి మండలానికి పోతే కల్లెడ వస్తుంది. జీవంజి దీప్తి ఊరు అదే. 2003లో పుట్టింది. అమ్మానాన్నలు కూలి పనులు చేసుకునేవాళ్లు. పుట్టుకతోనే మేధో వైకల్యం. చిన్నప్పుడు చుట్టుపక్కల వాళ్లు పిచ్చిది అన్నారు, కోతి అన్నారు, అనాథాశ్రమంలో వదిలేయమని తల్లికి సలహా కూడా ఇచ్చారు. పతకాలు వచ్చాక ఆ తల్లే ఈ విషయాలన్నీ విలేకరులకు చెప్పింది. ఇంటి ఖర్చులకు భూమి అమ్ముకున్న ఆ కుటుంబం, 2023లో హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో కూతురు 400 మీటర్ల స్వర్ణం గెలిచాక బహుమతి డబ్బుతో మళ్లీ భూమి కొనుక్కుంది. 2024 మేలో జపాన్‌లోని కోబెలో ప్రపంచ పారా చాంపియన్‌షిప్‌ను 55.07 సెకన్లలో గెలిచింది. అప్పటికి అది ప్రపంచ రికార్డు. అదే ఏడాది సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్‌లో 500 గజాల స్థలం ప్రకటించింది.

దీప్తి పరుగెత్తే విభాగం పేరు టీ20. మేధో వైకల్యం ఉన్న అథ్లెట్ల కోసం పెట్టింది. ఇప్పుడు స్పెయిన్‌కు పోదాం. 2000లో సిడ్నీ పారాలింపిక్స్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల బాస్కెట్‌బాల్‌లో స్పెయిన్ జట్టు స్వర్ణం గెలిచింది. కొన్నాళ్లకే ఆ జట్టులో ఆడిన ఒక పాత్రికేయుడు గుట్టు బయటపెట్టాడు. 12 మందిలో 10 మందికి ఏ వైకల్యమూ లేదు, కాగితాలన్నీ దొంగవి. పతకాలు వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది. అంతటితో ఆగితే అది పది మంది దొంగల కథే అయ్యేది. కానీ వైకల్యాన్ని నమ్మకంగా నిర్ధారించే పద్ధతి లేదని పారాలింపిక్ కమిటీ మేధో వైకల్యం ఉన్న క్రీడాకారులందరికీ తలుపులు మూసింది. 2004 ఏథెన్స్‌లో వాళ్లకు పోటీలు లేవు, 2008 బీజింగ్‌లోనూ లేవు. ఏ పాపమూ తెలియని ఎన్ని దేశాల పిల్లలో ఆ ఎనిమిదేళ్లలో తమ పరుగు వయసు దాటిపోయారు. 2012 లండన్‌లో తలుపు మళ్లీ తెరిచారు. ఆ క్రీడలు ముగిసేనాటికి కల్లెడలో దీప్తికి తొమ్మిదేళ్లు నిండలేదు. పదేళ్లు ముందు పుట్టి ఉంటే ఏమయ్యేదో మీరే ఆలోచించుకోండి.

గోళీల పట్టీ

ఇక సంచి అడుగున ఉన్నదాని గురించి. డోపింగ్ అనగానే మనకు రష్యా, అమెరికా గుర్తుకొస్తాయి. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా 2023 లెక్కల్లో, 5 వేలకు పైగా శాంపిళ్లు పరీక్షించిన దేశాల్లో పాజిటివ్ శాతం ఎక్కువ వచ్చింది మన దేశానికే. ఇక్కడ సుమారు 5,600 శాంపిళ్లు తీస్తే 200కు పైగా దొరికిపోయాయి. అదే ఏడాది సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ మీట్‌లో జరిగింది వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. స్టేడియం బాత్రూముల్లో వాడిపడేసిన సిరంజిల వీడియో బయటికొచ్చింది. నాడా అధికారులు వచ్చారన్న మాట పాకింది. పురుషుల 100 మీటర్ల ఫైనల్‌కు వచ్చి ఉరికింది ఒకే ఒక్కడు. మిగతావాళ్లు ఉరికింది గేటు వైపు.

మీరు అలాంటివాళ్లు కాదు, నాకు తెలుసు. కానీ డోపింగ్‌లో తెలిసి చేసిన తప్పు, తెలియక చేసిన తప్పు అనే తేడా శిక్ష ఎన్నేళ్లన్న దగ్గర పనికొస్తుందేమో గానీ, తప్పు జరిగిందా లేదా అన్న దగ్గర పనికిరాదు. మీ ఒంట్లో ఏది దొరికితే దానికి బాధ్యత మీదే. మోకాలు వాచిందని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోతారు. ఆయన మంచిమనసుతోనే 'డెక్సా' సూదేస్తాడు. డెక్సామెథాసోన్ స్టెరాయిడ్. దాన్ని సూదిగా వేసుకోవడం పోటీ సమయంలో నిషిద్ధం. వాపుకు, ఆయాసానికి రాసే ప్రెడ్నిసొలోన్ గోళీలూ అంతే. దగ్గు వస్తే మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే సిరప్‌లు చాలావాటిలో టెర్బుటలిన్ ఉంటుంది. అది పోటీ ఉన్నా లేకున్నా ఎప్పుడూ నిషిద్ధమే. జిమ్‌లో డబ్బా విప్పి స్పూనుతో పెట్టే పౌడర్లలో ఏముందో అమ్మేవాడికే తెలియదు.

ద్యుతీ చంద్ సంగతి తీసుకోండి. ఒడిశాలో చేనేత కుటుంబంలో పుట్టి, హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి శిక్షణ పొందిన అమ్మాయి. 2018 ఆసియా క్రీడల్లో రెండు రజతాలు, 100 మీటర్లలో 11.17 సెకన్ల జాతీయ రికార్డు. 2022 డిసెంబరులో ఇచ్చిన శాంపిళ్లలో సార్మ్స్ అనే నిషిద్ధ మందులు దొరికాయి. నొప్పికి ఫిజియోథెరపిస్టు చెప్పిన మందే వాడానని చెప్పుకుంది. 2023 జనవరి నుంచి 4 ఏళ్ల నిషేధం పడింది. అంత పెద్ద అథ్లెట్‌కే ఆ మాట అక్కరకు రాలేదు. "మా సార్ ఇచ్చిండు" అని మీరు చెప్తే వింటారా?

కాబట్టి ఏం చేయాలి? డాక్టరు దగ్గరికి పోయినప్పుడు ముందే చెప్పండి, "సార్, నేను పోటీల్లో ఆడతాను" అని. మందు చీటీని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. నాడా వాళ్ల 'నో యువర్ మెడిసిన్' యాప్‌లో మందు పేరు కొట్టి చూడండి. నిషిద్ధ జాబితా ఏటా జనవరి 1న మారుతుంది, నిరుడు చూశాం కదా అంటే కుదరదు. ఆస్తమా లాంటి జబ్బుకు నిషిద్ధ మందు వాడక తప్పకపోతే ముందుగా అనుమతి తీసుకునే పద్ధతి ఉంది. శాంపిల్ ఇమ్మని అధికారి అడిగితే పారిపోకండి. ఇవ్వనంటే అదే ఒక నేరం, పాజిటివ్ వచ్చినంత శిక్ష దానికీ పడొచ్చు. కిట్ మీరే ఎంచుకోవచ్చు, ఈ మధ్య వాడిన మందులన్నీ ఫారంలో రాయొచ్చు.

రాయాలి కూడా. బుగులుపడి దాచకండి.

ఇంకొకటి, ఎవరూ గట్టిగా చెప్పని విషయం. పదిహేను, పదహారేళ్లకు స్టెరాయిడ్ సూదులు మొదలుపెడితే ఎముకల చివరలు ముందే మూసుకుపోయి ఎత్తు అక్కడే ఆగిపోవచ్చు. అమ్మాయిలకు గొంతు మారితే మందు ఆపినా తిరిగి రాదు.

సంచిలో పట్టనిది

ద్యుతీ కథలో ఇంకో సగం ఉంది, అందులో తప్పు ఆమెది కాదు. 2014లో కామన్వెల్త్ క్రీడల ముందు ఆమెను జట్టు నుంచి తప్పించారు. కారణం ఏ మందూ కాదు, ఒంట్లో సహజంగా ఉన్న టెస్టోస్టిరాన్ ఎక్కువని. ఆ పద్దెనిమిదేళ్ల పిల్ల అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానానికి పోయి 2015లో ఊరట తెచ్చుకుంది, 2016లో రియో ఒలింపిక్స్‌లో ఉరికింది. ఈ మధ్యలో పేపర్లలో, టీవీల్లో, ఊళ్లో ఆమె గురించి ఎవరేమన్నారో వేరే చెప్పక్కర్లేదు. ఒకే మనిషికి ఒకసారి అన్యాయం జరిగింది, ఇంకోసారి ఆమె దగ్గరే పొరపాటు దొరికింది. మనం రెండింటినీ కలిపేసి "ముందే అనుకున్నం" అంటాం. నన్నడిగితే, అలా అనడం సరికాదు.

2023 అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన అగసర నందిని హెప్టాథ్లాన్‌లో కాంస్యం గెలిచింది. చాయ్ అమ్ముకునే తండ్రి బిడ్డ, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంది. ఆమెకు 5,712 పాయింట్లు, నాలుగో స్థానంలో నిలిచిన మన దేశపు అమ్మాయికే 5,708. తేడా నాలుగంటే నాలుగు పాయింట్లు. ఓడిన అమ్మాయి, నందిని అసలు ఆడపిల్లే కాదన్నట్టు సోషల్ మీడియాలో రాసి, తర్వాత తీసేసింది. రుజువులుంటే చూపించమని నందిని అడిగింది. రుజువులు రాలేదు. కానీ ఆమె పతకం తెచ్చిన రోజుల్లో దేశమంతా మాట్లాడుకున్నది పతకం గురించి కాదు. 2025 మేలో దక్షిణ కొరియాలోని గూమిలో ఆసియా చాంపియన్‌షిప్ స్వర్ణం గెలిచింది, 5,941 పాయింట్లతో. ఆ వార్త ఎంతమంది ఫార్వర్డ్ చేశారో మరి.

మీ గ్రౌండ్‌కు కూడా ఒక వాట్సాప్ గ్రూపు ఉండే ఉంటుంది. పొట్టి జుట్టుతో, భుజాలు గట్టిగా ఉన్న ఒక చెల్లె షాట్‌పుట్ వేసే ఫొటో ఎవరో ఒకరు ఎప్పుడో అందులో పెట్టే ఉంటారు. దాని కింద మీరు ఏ బొమ్మ పెట్టారో ఒకసారి పైకి జరిపి చూసుకోండి.