మెష్ నెట్‌వర్కులు – అధిక వేగము

తార్నాక నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము మీదుగా గోల్నాక వరకు మేడలపై కొన్ని వై-ఫై పెట్టెలను అమర్చితిమనుకొందము. ప్రతి పెట్టె పొరుగుదాని నుండి సమాచారమును అందుకొని తరువాతి దానికి అందించును. నడుమ ఒకటి చెడినచో సమాచారము వేరొక దారి పట్టును. ఇట్టి అల్లికకు మెష్ నెట్‌వర్కు అని పేరు. దీని ప్రమాణమైన 802.11ఎస్ 2011లో వెలువడినది.

అంతకు ముందే, 2009లో, 802.11ఎన్ అను ప్రమాణము వచ్చినది. దీనినే ‘హై త్రూపుట్’ పద్ధతి అందురు. పాత వై-ఫై గరిష్ఠ వేగము సెకనుకు 54 మెగాబిట్లు కాగా, దీనిది 600. అయితే రేడియో వేగము పెరిగినంత మాత్రమున సమాచారము అంత వేగముగా చేరునా? లెక్క వేసి చూతము.

ఒక ప్యాకెట్టులో 1,500 బైట్లు, అనగా 12,000 బిట్లు ఉన్నవనుకొందము. 300 మెగాబిట్ల వేగమున ఇది 40 మైక్రోసెకన్లలో పోవును. కాని పంపుటకు ముందు గాలిలో సందు కొరకు వేచియుండవలెను. పిమ్మట ముట్టినట్లు రసీదు రావలెను. వీనికి 160 మైక్రోసెకన్లు పట్టునని తీసికొన్నచో మొత్తము 200. అప్పుడు నిజమైన వేగము 60 మెగాబిట్లే!

తపాలాలో ఇరువది ఉత్తరములను విడివిడిగా రిజిష్టరు చేయుటకు మారుగా, ఒకే సంచిలో కట్టి ఒకే జాబితాపై సంతకము తీసికొన్నట్లు, హై త్రూపుట్ పద్ధతిలో ప్యాకెట్టులను మూటగట్టి పంపి, అన్నిటికి కలిపి ఒకే రసీదు పొందుదురు. ఇరువది ప్యాకెట్టులకు 800, వేచియుండుటకు 160, వెరసి 960 మైక్రోసెకన్లు. వేగము 250 మెగాబిట్లు. మూటలో ఏవి చేరలేదో రసీదే తెలుపును గనుక వానినే తిరిగి పంపిన చాలును.

దూరము పెరిగినకొద్దీ ఈ లాభము పెరుగును. పశ్చిమ గోదావరి జిల్లాలో బైర్రాజు ఫౌండేషను వారి ‘అశ్విని’ పథకము, పాఠములను, వైద్య సలహాలను వీడియో ద్వారా అందించుటకు గ్రామములను వై-ఫై లింకులతో కలిపినది. 20 కిలోమీటర్ల లింకులో రేడియో తరంగము పోయి వచ్చుటకే 133 మైక్రోసెకన్లు కావలెను. విడి ప్యాకెట్టులైనచో వేగము 36 మెగాబిట్లకు దిగును; మూటలైనచో 220 వరకు నిలుచును. భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు 2005లో ప్రతిపాదించిన ‘టూ-పి’ పద్ధతిలో ప్రతి ప్యాకెట్టుకు వెంటనే రసీదు కోరుటను మానివేసిరి.

ఇక డ్రైవరు సంగతి. రేడియో పరికరమును నడుపు ప్రోగ్రామునకు డ్రైవరు అని పేరు. మామూలు వై-ఫైలో ఒక పెద్ద పెట్టె నియమములు చాటును, తక్కినవి పాటించును. మెష్‌లో పెద్ద ఎవరును లేరు. కావున ప్రతి పెట్టె తన శక్తిని పొరుగువారికి చాటి, ఒక్కొక్కరితో విడిగా ఒడంబడిక చేసికొనవలెను: నీకు మూటలు విప్పుట వచ్చునా? నీ ఛానలు వెడల్పు 20 మెగాహెర్ట్జులా, 40యా? పాత పెట్టె ఎదురైనచో దానితో పాత రీతినే మాటలాడవలెను. 2008లో లినక్స్ 2.6.26తో మెష్ చేరినది. హై త్రూపుట్‌ను దానికి తరువాత కూర్చవలసి వచ్చినది. డ్రైవరు తన శక్తిని చాటనిచో, క్రొత్త పరికరములు కొన్నను వేగము పాతదే.

అయినను ఒక హద్దు కలదు. పెట్టెలన్నియు ఒకే ఛానలును వాడుచు, ఒకదాని మాట మరియొకదానికి వినబడుచున్నచో, మూడు అంచెలు దాటుసరికి వేగము మూడవ వంతగును: 250 కాస్త 83 అగును. మూటగట్టనిచో మిగులునది 20 మాత్రమే. మూటలో 40 ప్యాకెట్టులున్న వేగమెంతయో విద్యార్థులు లెక్కించి చూడవచ్చును. అది 300కు చేరువగును గాని ఎన్నటికిని దానిని దాటదు.