ఇంటిపేరు మారినా టీము మారలేదు!

2025 సెప్టెంబరులో మా అమ్మాయి కాన్పుకని చికాగో దగ్గర నేపర్‌విల్ అనే ఊరు వెళ్ళాను. బాలింతకు పథ్యం వండటం, పసిదానికి నలుగు పెట్టి నీళ్ళు పొయ్యటం, మధ్యాహ్నం పూట కిటికీ పక్కన కూచుని వీధి చూడటం... ఇదీ నా దినచర్య. అలా చూస్తూంటే ఎదురింట్లో ఒక వింత కనపడింది. ఒకే వరండాకి రెండు జెండాలు. ఒకటి తెల్లగుడ్డ మీద నీలంరంగు 'డబ్ల్యూ' అక్షరం. రెండోది ముదురు నీలం మీద పసుపు బొమ్మ. తెల్లది ఒకరోజు ఉంటుంది, ఒకరోజు ఉండదు. నీలంది మాత్రం ఎప్పుడూ ఉంటుంది.

"ఏమిటే ఇది, ఇక్కడేమన్నా ఎలక్షన్లా?" అని అడిగాను మా అమ్మాయిని.

అది పకపకా నవ్వింది. "ఎలక్షన్లు కాదమ్మా, బేస్‌బాల్. తెల్లది అత్తగారిది, నీలంది కోడలిది. అత్తగారిది చికాగో కబ్స్ టీము, కోడలిది మిల్వాకీ బ్రూయర్స్. కబ్స్ గెలిచిన రోజు ఆవిడ ఆ తెల్లజెండా కడుతుంది."

ఒకే ఇంట్లో అత్తాకోడళ్ళు, రెండు పార్టీలు! ఇక నాకు ఇంట్లో కాలు నిలుస్తుందా? మర్నాడే నాలుగు సున్నుండలు డబ్బాలో పెట్టుకుని ఎదురింటికి బయల్దేరాను. నాది ఇంటర్మీడియట్ ఇంగ్లీషు, ఆవిడది గబగబా మాట్లాడే ఇంగ్లీషు. అయినా ఆడవాళ్ళం, ఎలాగో అర్థం చేసుకున్నాం. డెబ్భై దాటిన ఆ పెద్దావిడ భర్త పోయాక కొడుకు దగ్గరే ఉంటోందిట. సోఫాలో కూచోబెట్టి, టీవీ పెట్టి, నా ఒళ్ళో ఒక గిన్నె పెట్టింది. తీరా చూస్తే అవి మన వేయించిన వేరుశెనక్కాయలే! పొట్టుతోనే ఇస్తారు. బేస్‌బాల్ చూస్తూ కాయలు ఒలుచుకు తినటం వాళ్ళకి ఆచారంట. అంతే, ఆ ఆట సగం మనదే అనిపించింది నాకు.

ఇల్లు చేరితేనే పరుగు

క్రికెట్ తెలిసినవాళ్ళకి ఇది అంత కష్టమేం కాదు. తొమ్మిదిమంది ఆటగాళ్ళు, తొమ్మిది ఇన్నింగ్సులు. బంతి విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు. బ్యాటు గుండ్రంగా రోకలిలా ఉంటుంది. మూడు స్ట్రయికులయితే అవుట్. సరిగ్గా పడని బంతులు నాలుగు వస్తే ఊరికే మొదటి బేస్‌కి నడిచి వెళ్ళచ్చు. మైదానంలో నాలుగు మూలలా నాలుగు బేస్‌లు. బయల్దేరిన చోటుని 'హోమ్' అంటారు. మూడు మూలలూ తిరిగి మళ్ళీ ఆ హోమ్‌కి చేరితేనే ఒక పరుగు. ఎంతదూరం వెళ్ళామన్నది కాదు, ఇల్లు చేరామా లేదా అన్నదే లెక్క. ఈ రూలు నాకు తెగ నచ్చింది.

2023 నుంచి పిచ్చర్‌కి గడియారం కూడా పెట్టారు. బేస్‌ల మీద ఎవరూ లేకపోతే 15 సెకన్లలో బంతి వెయ్యాలి. ఎవరన్నా ఉంటే ఇప్పుడు 18 సెకన్లు. దాంతో అంతకుముందు మూడు గంటలు దాటే ఆట రెండుగంటల నలభై నిమిషాలకి వచ్చింది. "ఆటకి గడియారం ఏమిటి, వంటకి అలారం పెట్టినట్టు" అని పెద్దావిడ సణుగుడు. "పిల్లల్ని వేళకి పడుకోబెట్టచ్చు" అని కోడలి సంబరం.

ఏడాది వంటా? పండగనాటి వంటా?

అసలు గొడవ ప్లేఆఫ్స్ దగ్గర వస్తుంది. మొత్తం 30 టీములు. అమెరికన్ లీగ్‌లో 15, నేషనల్ లీగ్‌లో 15. మార్చి ఆఖరి నుంచి సెప్టెంబరు ఆఖరిదాకా ఒక్కో టీము 162 ఆటలు ఆడుతుంది. దాదాపు రోజూ ఆటే! మన వంటింటి పనిలాగ సెలవు ఉండదన్నమాట.

ఆ తర్వాత అక్టోబరులో ప్లేఆఫ్స్. ఒక్కో లీగ్‌లో మూడు డివిజన్లు. వాటి విజేతలు ముగ్గురు, మిగిలినవాళ్ళలో బాగా ఆడిన ముగ్గురు 'వైల్డ్ కార్డు'వాళ్ళు. అంటే రెండు లీగులకీ కలిపి పన్నెండు టీములు. ఈ పద్ధతి 2022లో వచ్చింది. పూర్వం, 1969కి ముందు, లీగ్‌కొక్కటి చొప్పున రెండే టీములు నేరుగా వరల్డ్ సిరీస్ ఆడేవి. ఇప్పుడు ప్రతి లీగ్‌లోనూ మొదటి రెండు టీములకీ మొదటి రౌండు ఆడక్కర్లేదు. మిగతావాళ్ళు మూడు ఆటల పోటీతో మొదలుపెట్టి, అయిదు ఆటలు, ఏడు ఆటలు అంటూ పైకి రావాలి.

కోడలి వాదన ఏమిటంటే, "ఆరునెలలు కష్టపడి అందరికంటే ఎక్కువ గెలిచినవాళ్ళని ఒక్క వారంలో ఇంటికి పంపించెయ్యటం ఏం న్యాయం?" అని. ఆ పిల్ల మాటలో నిజం లేకపోలేదు. 2022లో లాస్ ఏంజలిస్ డాడ్జర్స్ 111 ఆటలు గెలిచి, 89 మాత్రమే గెలిచిన శాన్ డియేగో చేతిలో ఓడిపోయారు. 2023లో అట్లాంటా 104, బాల్టిమోర్ 101, డాడ్జర్స్ 100 గెలిచి ముగ్గురూ తమ మొదటి సిరీస్‌లోనే పోయారు. డాడ్జర్స్‌ని వరసగా మూడు ఆటల్లో ఓడించిన అరిజోనావాళ్ళు ఆ ఏడు గెలిచినవి 84. వాళ్ళే వరల్డ్ సిరీస్‌దాకా వెళ్ళారు. 2006లో సెయింట్ లూయిస్‌వాళ్ళు 83 గెలుపులతో వచ్చి ఏకంగా కప్పే పట్టుకుపోయారు.

నాకు వెంటనే మన ఇళ్ళే గుర్తొచ్చాయి. మూడువందల అరవై రోజులు రుచిగా వండిపెడతాం, ఎవరూ మాట్లాడరు. చుట్టాలొచ్చిన రోజున పులిహోరలో ఉప్పెక్కువయితే అది పదేళ్ళు చెప్పుకుంటారు. కోడలి పక్షమే న్యాయమనుకున్నాను.

కానీ పెద్దావిడ తక్కువదా? "అంత బాగా ఆడేవాళ్ళయితే ఆ వారంలోనూ ఆడి చూపించాలి. ఆఖరిరోజుదాకా అందరికీ ఆశ ఉండాలి. లేకపోతే జూలైలోనే సగం ఊళ్ళు టీవీలు కట్టేస్తాయి" అంది. అదీ నిజమే. ఆ సెప్టెంబరు 28న, సీజను ఆఖరిరోజున, న్యూయార్క్ మెట్స్, సిన్సినాటి రెడ్స్ ఇద్దరూ సరిగ్గా 83 గెలుపుల దగ్గర ఆగారు. పూర్వమయితే ఇంకో ఆట పెట్టి తేల్చేవారు. 2022 నుంచి అది తీసేసి, ఇద్దరి మధ్యా జరిగిన ఆటల్లో ఎవరిది పైచెయ్యో చూస్తున్నారు. ఆ లెక్కన రెడ్స్ లోపలికి, మెట్స్ ఇంటికి.

"పాత రూల్సే ఉంటే మీ కబ్స్ కూడా ఈపాటికి ఇంట్లో కూచునేవాళ్ళు" అని కోడలు దెప్పింది. ఆ ఏడు బ్రూయర్స్ 97 గెలిచి మొత్తం 30 టీముల్లోనూ మొదట నిలిచారు. కబ్స్ 92 గెలిచి వైల్డ్ కార్డు మీద వచ్చారు. పెద్దావిడ చలించలేదు. మన భాషలో చెప్పాలంటే, పెళ్ళికి పిలిచాక ఏ బంతిలో కూచున్నా భోజనం ఒకటే అన్న ధోరణి ఆవిడది!

సుద్దముక్కతో రాసిన పేర్లు

అంత మొండిపట్టు ఎందుకో ఒకరోజు తెలిసింది. కబ్స్ 1908లో వరల్డ్ సిరీస్ గెలిచారు. మళ్ళీ గెలిచింది 2016లో. మధ్యలో 108 ఏళ్ళు! 1945లో ఒకాయన మేకని వెంటబెట్టుకుని ఆటకి వస్తే పొమ్మన్నారని, ఆయన శాపం తగిలిందని జనం చెప్పుకునేవారు. అన్ని తరాలు ఓడిపోతూన్నా తాతనుంచి తండ్రికి, తండ్రినుంచి పిల్లలకి ఆ అభిమానం ఆస్తిలాగా వచ్చింది.

2016 నవంబరు 2 రాత్రి క్లీవ్‌లాండ్‌లో ఏడో ఆట. మధ్యలో వాన. పదో ఇన్నింగ్స్‌లో 8-7తో కబ్స్ గెలిచారు. ఆ వారమంతా చికాగో జనం రిగ్లీ ఫీల్డ్ అనే తమ మైదానానికి తీర్థానికి వెళ్ళినట్టు వెళ్ళి, ఇటికగోడల మీద రంగు సుద్దముక్కలతో పేర్లు రాశారు. ఎవరి పేర్లో తెలుసా? ఈ రోజు చూడకుండానే పోయిన నాన్నలవి, తాతలవి, అమ్మమ్మలవి. పెద్దావిడ కూడా వెళ్ళిందట. ముందు తన తండ్రి పేరు రాసింది. పక్కనే భర్త పేరు. ఆ ఫొటో నాకు చూపించేటప్పుడు ఆవిడ గొంతు బొంగురుపోయింది. నా ఇంగ్లీషుతో ఏం చెప్పను? చెయ్యి పట్టుకున్నాను.

అభిమానం హద్దు మీరితే ఏమవుతుందో కూడా ఆవిడే చెప్పింది. 2003 ప్లేఆఫ్స్‌లో కబ్స్ ఇంకో అయిదుగురిని అవుట్ చేస్తే వరల్డ్ సిరీస్‌కి వెళ్ళేవాళ్ళు. అప్పుడొక అభిమాని తన దగ్గరికొచ్చిన బంతికోసం చెయ్యి చాచాడు. ఆటగాడికి అది అందలేదు. ఆ ఇన్నింగ్స్‌లోనే అవతలివాళ్ళు ఎనిమిది పరుగులు తీశారు. మర్నాడు ఆఖరి ఆటా పోయింది. ఊరంతా నింద ఆ ఒక్కడి మీద వేసింది. ఆ కుర్రాడు మళ్ళీ జనంలో తలెత్తుకు తిరగలేకపోయాడు. 2017లో కబ్స్‌వాళ్ళే పిలిచి అతనికి విజేతల ఉంగరం ఇచ్చారు. "ఓటమికి ఎవరినో ఒకరిని తిట్టాలి. అది మా తప్పు" అంది పెద్దావిడ. ఇంట్లో ఏం జరిగినా కొత్తకోడలి అడుగు మంచిది కాదనే మన పాత అలవాటు గుర్తొచ్చింది నాకు.

కోడలి బాధ కోడలిది

మిల్వాకీ చికాగోకి సుమారు 150 కిలోమీటర్లు. చిన్న ఊరు. ఒకప్పుడు వాళ్ళకి బ్రేవ్స్ అనే టీము ఉండేది, 1965 తర్వాత అది అట్లాంటాకి వెళ్ళిపోయింది. 1970లో సియాటిల్‌నుంచి వేరే టీము వస్తే దాన్ని బ్రూయర్స్ పేరుతో కడుపులో పెట్టుకున్నారు. ఒకసారి పోగొట్టుకున్నవాళ్ళు కదా, విలువ తెలుసు! ఆ టీము ఇంతవరకూ వరల్డ్ సిరీస్ గెలవలేదు. 1982లో ఒక్కసారి అక్కడిదాకా వెళ్ళి ఏడో ఆటలో ఓడిపోయింది. ఇక క్రెయిగ్ కౌన్సెల్ అనే ఆయన మిల్వాకీ పక్క ఊళ్ళోనే పెరిగి, బ్రూయర్స్‌కి మేనేజరుగా చేసి, 2023 నవంబరులో అయిదేళ్ళకి నాలుగుకోట్ల డాలర్ల పైచిలుకు ఒప్పందంతో కబ్స్‌కి వెళ్ళిపోయాడు. ఇప్పటికీ ఆయన మిల్వాకీ మైదానంలో అడుగుపెడితే జనం గోల చేస్తారు.

"ఆయన ఉద్యోగం మారాడు. అందులో తప్పేముంది?" అంది అత్తగారు.

"నేను పెళ్ళయి ఇక్కడికొచ్చాను. ఇంటిపేరు కూడా మార్చుకున్నాను. టీము మార్చుకున్నానా?" అంది కోడలు.

ఆ మాట నాకు గుచ్చుకుంది.

అయిదు ఆటలు, ఒక సోఫా

అక్టోబరులో కబ్స్‌కీ బ్రూయర్స్‌కే పోటీ పడింది. అయిదు ఆటల్లో మూడు గెలవాలి. మొదటి రెండూ మిల్వాకీలో, రెండూ బ్రూయర్స్‌వే. కోడలి మొహం చేటంత అయింది. తర్వాత రెండూ చికాగోలో కబ్స్ గెలిచారు, వరండాలో తెల్లజెండా ఎగిరింది. మధ్యన కొడుకు పరిస్థితి మన మగవాళ్ళ పరిస్థితే. ఎవరివైపు మాట్లాడినా కాఫీ దొరకదు!

అక్టోబరు 11 శనివారం రాత్రి అయిదో ఆట. మా అమ్మాయి పాపని పడుకోబెట్టగానే నేను వెళ్ళాను. బ్రూయర్స్ 3-1తో గెలిచారు. కోడలు ఎగిరి గంతెయ్యబోయి అత్తగారిని చూసి ఆగిపోయింది. పెద్దావిడ లేచి, మారుమాట లేకుండా కోడల్ని కావిలించుకుని, వెళ్ళి పడుకుంది.

కథ అక్కడితో అయిపోలేదు. తర్వాత బ్రూయర్స్‌కి డాడ్జర్స్ ఎదురయ్యారు. సీజనులో ఆరుసార్లు తలపడితే ఆరూ బ్రూయర్స్‌వే. ఈసారి వరసగా నాలుగూ ఓడిపోయారు. నాలుగు ఆటల్లో కలిపి నాలుగే పరుగులు! ఆ డాడ్జర్సే నవంబరు 1న టొరంటోలో పదకొండో ఇన్నింగ్స్‌లో 5-4తో గెలిచి కప్పు పట్టుకుపోయారు.

బ్రూయర్స్ ఓడిన మర్నాడు పొద్దున కిటికీలోంచి చూద్దునుకదా, రాత్రి గాలికి కోడలి నీలంజెండా జారి మెట్లమీద పడింది. పెద్దావిడ స్వయంగా దాన్ని దులిపి, స్టూలేసుకుని మళ్ళీ కడుతోంది.

పులుసులో బెల్లంముక్క

అదంతా మా అమ్మాయి కూడా చూసింది. ఉన్నట్టుండి, "అమ్మా, మరి నువ్వెందుకు పులుసులో బెల్లం మానేశావు?" అని అడిగింది.

నా పుట్టిల్లు కాకినాడ దగ్గర. మా అమ్మ పులుసులో బెల్లం వెయ్యకుండా దింపేది కాదు. నన్నిచ్చింది కర్నూలు. పులుసు తియ్యగా ఉంటే మా అత్తగారికి సహించదు. పెళ్ళయిన నెలలోనే మానేశాను. ఎవరూ బలవంతపెట్టలేదు. ఒక్కసారి మొహం చిట్లించారు, అంతే. జొన్నరొట్టె కొట్టటం నేర్చుకున్నాను, కారప్పొడులు నేర్చుకున్నాను, అవంటే ఇష్టం కూడా. కానీ నాది అని నిలబెట్టుకున్నది ఏముంది అని ఆలోచిస్తే ఆ పూట జవాబు దొరకలేదు.

కొత్తింటిని ప్రేమించటానికి పుట్టింటిని మర్చిపోనక్కర్లేదని ఆ కోడలి దగ్గర నేర్చుకున్నాను. గెలిచిన రోజున కేకలెయ్యకుండా ఆగటం కూడా ఆ పిల్ల దగ్గరే. పడిపోయిన అవతలివాళ్ళ జెండా ఎత్తి కట్టడం ఆ అత్తగారి దగ్గర.

ఇంటికొచ్చిన వారానికి ఆనపకాయ పులుసు పెట్టి, నిమ్మకాయంత బెల్లంముక్క వేశాను. మావారు తలెత్తకుండా తిన్నారు. మా అత్తగారు ఒక ముద్ద తిని, "ఏందమ్మా ఇది, తియ్యగుందే?" అన్నారు.

"మా పుట్టింటి పులుసు అత్తయ్యా" అన్నాను.

రెండోసారి వేసుకోలేదు. కానీ విస్తట్లో ఉన్నది వదిలిపెట్టనూ లేదు. నావరకూ అది గెలుపే. మొదటి ఆటే కదా, ఇంకా 161 ఉన్నాయి!