వంటింటి పొందిక

కోస్గి ప్రాంతం పూర్వపు పాలమూరు జిల్లాలోనిది. 2019లో ఏర్పడిన నారాయణపేట జిల్లాలో నేడు అంతర్భాగం. వానపై ఆధారపడిన ఈ మెట్టసీమ నుండి పనులకోసం హైదరాబాదు, ముంబయి, పుణె నగరాలకు వలసపోవడం తరతరాలుగా సాగుతున్నది. అలా వెళ్ళిన కుటుంబం ఊరినుండి తెచ్చుకొనే జొన్నల మూట, కందుల సంచి ఒక పంటకాలపు శ్రమఫలం. అవి పురుగుపాలైతే కూలిడబ్బుతో మళ్ళీ కొనుక్కోవలసిందే. కనుక అద్దె ఇంటిలోని ఇరుకు వంటగదిని పొందికగా అమర్చుకోవడం అందానికి మించిన అవసరం.

పాతకాలపు పల్లె ఇంటిలో నిల్వకు చోటు ఇంటితోపాటే ఏర్పడేది. గింజలకు వెదురుతో అల్లి పేడమట్టితో మెత్తిన గుమ్మి, అధిక ధాన్యానికి నేలలో తవ్విన పాతర, పప్పూ ఉప్పూ చింతపండుకు కుండల దొంతి, పచ్చళ్ళకు జాడీ, పాలు పెరుగులకు పిల్లికి అందని ఉట్టి ఉండేవి. తెలుగువారి ఇటువంటి నిత్యజీవితాన్ని కావ్యాలనుండి ఏరి కూర్చిన సురవరం ప్రతాపరెడ్డి పాలమూరు జిల్లావారే. ఆయన రచించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. సామాన్యుల తిండీ, బట్టా, ఇల్లూ కూడా చరిత్రేనని ఆ గ్రంథం నిరూపించింది.

అద్దె ఇంటిలో గుమ్మి లేదు. సజ్జా, రెండు మూడు అరలూ ఉంటాయి. పైగా ఒప్పందం సాధారణంగా 11 నెలలకే రాసుకొంటారు. ఏడాదికి మించిన అద్దె ఒప్పందాన్ని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించవలసి ఉండడం అందుకు ప్రధాన కారణం. ఇల్లు మారవలసి రావచ్చు గనుక గోడలకు అరలు బిగించడంకంటె వెంట తీసుకుపోదగిన డబ్బాలు, స్టాండు మేలు.

చోటు మారినా నిల్వసూత్రం మారలేదు: చెమ్మ తగలరాదు, పురుగు చేరరాదు. సామాను సర్దకముందే గోడలలో చెమ్మ ఉన్నదేమో చూచి, అరల సందులను శుభ్రం చేయాలి. గింజలను ఎండబోసి, చల్లారిన తరువాతనే డబ్బాలకు ఎత్తాలి. వేడిమీద మూతపెడితే లోపల చెమ్మ పడుతుంది. జొన్నలను, బియ్యాన్ని ముక్కుపురుగు, కందులను, పెసలను పుచ్చుపురుగు ఆశిస్తాయి. పుచ్చుపురుగు పొలంలోనే కాయలపై గుడ్లు పెట్టగలదు. అందుచేత పైకి బాగున్న గింజలోనూ అది దాగి ఉండవచ్చు. కందులకు పెద్దలు ఆముదం పట్టించడంలో శాస్త్రీయత ఉన్నది. నూనెపొర గుడ్డుకు గాలి అందనీయదు. బూజుపట్టిన వేరుశనగలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండవచ్చు. అది కాలేయానికి హానికరం. వేయించినా పూర్తిగా నశించదు. కాబట్టి అటువంటి గింజలను పారవేయడమే క్షేమం.

ఇక అమరిక. బరువైన బియ్యం, జొన్నల డబ్బాలు కిందా, నిత్యం వాడే పప్పులు, పోపుల డబ్బా చేతికందే ఎత్తునా, పండుగలకు దింపే పెద్ద గిన్నెలు సజ్జమీదా ఉండాలి. కొత్త సరుకును పాతదానిపై పోయరాదు. పాతది అయిపోయాకే కొత్తది తీయాలి. బియ్యం డబ్బాలో ఒక సోల ఉంచి, రోజుకు ఎన్ని సోలలు తీస్తున్నదీ గమనిస్తే సరుకు ఎన్నాళ్ళు వస్తుందో తేలికగా లెక్కకు అందుతుంది.

రెండు జాగ్రత్తలు ప్రాణాలకు సంబంధించినవి. వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారితే నేలవెంట పరచుకొంటుంది. సిలిండరును నిలువుగా నిలిపి, పొయ్యిని దానికంటె ఎత్తులో ఉంచాలి. వాసన వస్తే స్విచ్చుల జోలికి పోక, రెగ్యులేటరు కట్టి, తలుపులు తెరవాలి. ఊరినుండి వచ్చిన సామానులో పురుగుమందు సీసాలుంటే వాటిని వంటగదిలోకి రానీయరాదు. ఖాళీ అయిన మందు డబ్బాను ఎంత కడిగినా తిండిగింజలకు వాడరాదు.

‘ఇల్లు చూచి ఇల్లాలిని చూడు’ అన్నారు పెద్దలు. ఆ సామెత బాధ్యతనంతా ఒక్క ఇల్లాలిమీదనే మోపింది. అద్దె గదిలో ఉండి చదువుకొనే విద్యార్థి మొదలు కూలికి పోయి వచ్చే తండ్రి వరకు, ఆ ఇంట తినే ప్రతి ఒక్కరికీ వంటింటి పొందికలో పాలు ఉన్నది. ఏ డబ్బాలో ఏమున్నదో ఇంటిల్లిపాదికీ తెలిసిననాడు చిన్న వంటగది కూడా కుటుంబానికి చాలుతుంది.